రెండో గేటు అంకెలు

"మేడం, గేటు మూసే ఉండాది. సున్నా చూపించాల్సిన చోట రెండు వందల పన్నెండు చూపిస్తా ఉండాది. మళ్లీ లేపబోతే పద్నాలుగు. ఇంకోసారి లేపబోతే మైనస్ ముప్పై ఒకటి. మీరు ఉన్నపళంగా బయల్దేరాల."

ఫోనులో ఇరిగేషన్ ఏఈ సురేశ్‌బాబు. వెనక వాన హోరు. ఆత్మకూరు బస్సు డిపో ఎదుటి సందులో మధులతది చిన్న షాపు. రైసుమిల్లుల్లోనూ రాళ్ల క్రషర్లలోనూ మోటార్లకు కరెంటును అదుపు చేసి ఇచ్చే డ్రైవు పెట్టెలు మొరాయిస్తే చుట్టుపక్కల మండలాల వాళ్లంతా ఆమెనే పిలుస్తారు. ఆ ఉదయం కూడా ఒక మిల్లు డ్రైవు విప్పుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడ సార్?"

"గువ్వలవాగు రిజర్వాయరు. రెండో గేటు."

ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఆ గేట్ల వైరింగు రెండేళ్ల కిందట ఆమె చేతుల మీదుగానే జరిగింది. అప్పుడామె ఒక కాంట్రాక్టు కంపెనీలో సైటు టెక్నీషియను. సురేశ్‌బాబు ఈ మధ్యనే బదిలీ మీద వచ్చినవాడు, ఆ సంగతి తెలియదు. చెప్పాలనుకుంది. 

"వస్తా ఉండా సార్" అని మాత్రం అంది.

ఉదయగిరి దారిలో ఇరవై రెండు కిలోమీటర్లు. వాయుగుండం పట్టి అప్పటికి రెండు రోజులు. బండి మీద ఆమె చేరేసరికి పదకొండు దాటింది. ఉదయగిరి కొండల మీద పడ్డ వానంతా ఎర్రటి నీళ్లై రిజర్వాయరులోకి దిగుతోంది. కట్ట అంచుకు ఇంకా నాలుగడుగులే ఉంది. గంటకు అరడుగు లెక్కన నీళ్లు పెరుగుతున్నాయి.

ఉన్నవి రెండే గేట్లు. మొదటిదాన్ని మరమ్మతుకని విప్పి, దాని ముందర ఇనుప పలకలు దించేశారు. పైన అంత నీళ్లుండగా ఆ పలకల్ని కదపడం జరిగే పని కాదు. ఇక రెండో గేటు ఒక్కటే దిక్కు. దాన్ని చేత్తో తిప్పి లేపే హ్యాండిలు ఉంది గానీ, నలుగురు పట్టి తిప్పినా గంటకు జానెడు కూడా లేవదు. మోటారుతో లేపుదామంటే డ్రైవు ఒప్పుకోవడం లేదు. అంకె ఒక్కసారిగా ఎగరగానే, గేటు అదుపు తప్పిందనుకుని ఆపేస్తోంది.

ఆ అంకెను పంపేది ఎన్‌కోడరు. గేటును లేపే డ్రమ్ము ఇరుసు చివర బిగించిన, టీ గ్లాసంత డబ్బా. ఇరుసు ఎంత తిరిగిందో లెక్కపెట్టి, గేటు ఎన్ని సెంటీమీటర్లు లేచిందో నలభై మీటర్ల అవతల కట్ట మీది ప్యానెల్ రూముకు చెబుతుంది.

"పోయిన నెలే ఎన్‌కోడరు కొత్తది వేయించినాము మేడం. అయినా ఇదే గోల. కొత్తది కూడా పోయినట్టుంది" అన్నాడు సురేశ్‌బాబు. ముప్పై ఏళ్లుంటాయి. రెయిన్‌కోటు లోపల కూడా తడిసిపోయి ఉన్నాడు. "లేపకపోతే కట్టకు ప్రమాదం. లెక్క తెలియకుండా లేపేస్తే కింద ఒడ్డుపాళెం కొట్టుకుపోతాది. నూట ఇరవై మంది ఉండారాడ. మెరక మీది బళ్లోకి పోమని చెప్పినాము, పోతానే ఉండారు ఇంకా."

ప్యానెల్ రూము వాకిట్లో ఒక మనిషి గోనెసంచి తల మీద కప్పుకుని నిలబడి ఉన్నాడు. యాభై అయిదేళ్లుంటాయి, ఎండిన కట్టెలాంటి మనిషి. బాలయ్య అని, ఇక్కడ గేట్లు చూసుకునే లస్కరు. ఒడ్డుపాళెం వాడే.

"అమ్మా, ఒక మాట" అన్నాడతను. "మోటారు ఆగుంటే అంకె కదలదు. మోటారు మొదలైనప్పుడే పిచ్చి పట్టినట్టు ఎగురతాది. నేను ఏడాదిగా చెప్తా ఉండా. ఎవురింటారు?"

"నువ్వుండు బాలయ్యా" అన్నాడు ఏఈ.

"ఆయన్ని చెప్పనీయండి సార్" అంది మధులత. ఆ మాటలో అసలు జబ్బు దొరికిందని ఆమెకు అప్పుడే అనిపించింది. అది ఎక్కడికి దారితీస్తుందో కూడా.

సంచిలో ఇంకో ఎన్‌కోడరు ఉంది. దాన్ని బయటికి తీయలేదు. "సార్, బ్రేకు వేసే ఉంచి మోటారుకు కరెంటు ఇద్దాము. మూడే సెకన్లు. ఇరుసు అంగుళం కూడా కదలదు. కదలనిదాన్ని లెక్కపెడితే అంకె కూడా కదలగూడదు కదా."

బటను నొక్కింది. మోటారు మూలిగింది. ఇరుసు కదలలేదు. అంకె మాత్రం నలభైకి ఎగిరి, తొమ్మిదికి పడి, నూట అరవై ఎనిమిది దగ్గర ఆగింది. కరెంటు తీసేసింది. నూట అరవై ఎనిమిది అలాగే నిలబడిపోయింది.

"ఎన్‌కోడరు తప్పు కాదు సార్. అది పంపే సంకేతంలోకి దారిలో ఎక్కడో మోటారు కరెంటు దూరతా ఉండాది. కేబుళ్లు పరిచిన ట్రే చూడాల."

గేటును లేపే మోటారూ డ్రమ్మూ ఉండే హాయిస్టు వంతెన మీదికి నడిచింది. గాలి నెడుతోంది. కాళ్ల కింద ఇనుప జాలీలోంచి ఎర్రటి నీళ్లు గేటును గుద్దుకోవడం కనిపిస్తోంది. ట్రే మూత బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. బాలయ్య స్పానరు అందుకుని ఒక్కొక్కటే విప్పాడు.

మూత లేవగానే ఆమెకు అన్నీ కనిపించాయి. బొటనవేలంత లావున్న మోటారు కేబులు, దానికి ఒరుసుకుంటూ సన్నటి ఎన్‌కోడరు కేబులు, అడుగడుక్కీ రెండింటినీ కలిపి బిగించిన పచ్చటి ప్లాస్టిక్ పట్టీలు. ఆ పట్టీలు ఆమె కట్టినవే. మధ్యలో ఉన్న జాయింటు పెట్టె తెరిచింది. లోపల తీగలన్నీ కలిపి ఉన్నాయి గానీ, వాటిని కాపాడాల్సిన రాగి అల్లిక, షీల్డు, రెండు పక్కలా కత్తిరించి వదిలేసి ఉంది. పెట్టె మూత లోపల మార్కరుతో రాసిన తేదీ, కింద ఎం.ఎల్. అని పొడి అక్షరాలు. ఆమె చేతిరాతే.

ఆ రోజు కూడా గుర్తొచ్చింది. ఎన్‌కోడరు కేబులుకు వేరే ఇనుప పైపు రావాలి. రాలేదు. రెండు రోజుల్లో ప్రారంభోత్సవం. సైటు మేనేజరు నరసింహ, "కట్టెయ్ మధూ ఒకదాంట్లోనే. పైపు వచ్చినాక మారుద్దాంలే" అన్నాడు. ఆమె కట్టేసింది. షీల్డు కలపడానికి క్లిప్పు దొరకలేదు, అదీ తర్వాత చూద్దామనుకుంది. టెస్టు రిపోర్టులో 'అన్నీ సవ్యం' అన్నచోట సంతకం పెట్టింది. పైపు రానే లేదు. ఆరు నెలలకు ఆమె ఉద్యోగం మాని షాపు పెట్టుకుంది.

"ఏమమ్మా, దొరికిందా?" అని బాలయ్య అడిగాడు.

"దొరికింది."

"ఏంది తప్పు?"

"రెండు కేబుళ్లూ కలిపి కట్టినారు" అంది. కట్టినాను అనలేదు. 

ట్రేలోంచి ఎన్‌కోడరు కేబులు పూర్తిగా లాగి, వంతెనకు అవతలి వైపు చేతికమ్మీ వెంట కట్టుకుంటూ పోవాలి. నలభై మీటర్లు. ప్యానెలుకు కరెంటు తీయించి ఇద్దరూ పని మొదలుపెట్టారు. ఆమె పట్టీలు కత్తిరిస్తోంది, అతను కేబులు లాగుతున్నాడు. సురేశ్‌బాబు అరగంటకోసారి కట్ట మీంచి కేక వేస్తున్నాడు.

"మూడున్నర అడుగులు!"

పని చేస్తూనే బాలయ్య చెప్పాడు. ఎవరూ అడగలేదు. పక్కన వినే మనిషి ఒకరు దొరికినందుకు చెప్పినట్టున్నాడు.

"పోయిన ఏడు కార్తీకంలో ముప్పై సెంటీమీటర్లు లేపమని ఆర్డరొచ్చినాది. నేనే బటను నొక్కినాను. అంకె ఇరవై అయిదు, ముప్పై, ఇరవై ఏడు... ఆడాడే తిరగతా ఉండాది. ఆ గదిలోంచి గేటు కనపడదు కదమ్మా. నేను అంకెనే చూస్తా ఉండా. గేటేమో మీటరు లేచిపోయినాది. నీళ్లు ఒక్కసారే మా ఊరి మీద పడినాయి. పడవలు నాలుగు పోయినాయి. వలలన్నీ పోయినాయి. నా చెల్లెలి కొడుకు పెంచలయ్య పడవను పట్టుకోబోయి రాయికీ పడవకూ మధ్యన పడినాడు. కాలు మూడు తునకలు. ఇప్పటికీ కుంటతానే ఉండాడు."

మధులత కత్తెర ఆడించడం ఆపలేదు. 

"ఎంక్వయిరీ చేసినారు. మిషను రిపోర్టు బాగానే ఉండాది, మనిషిదే తప్పన్నారు. నాకు మెమో ఇచ్చి గేటు తాళాలు తీసుకున్నారు. ఊళ్లో వాళ్లేమో నేను తాగి పడుకున్నా అనుకుంటా ఉండారు. నేను తాగనమ్మా. నా భార్య అలివేలమ్మను బోరింగు కాడ పలకరించేవాళ్లు లేరు ఏడాదిగా. అందుకే నేనే సున్నం కలిపి గేటు పక్క గోడ మీద జానెడుకొక గీత గీసుకున్నా. ఈ పొద్దు మళ్లీ ఆ డబ్బా అబద్ధం చెప్పినా నా గీతలు చెప్తాయి."

ఆ వార్త ఆమె అప్పట్లో పేపరులో చూసింది. మూడో పేజీలో నాలుగు లైన్లు. గువ్వలవాగు, గేటు, లస్కరు నిర్లక్ష్యం. చదవగానే పచ్చ పట్టీలు కళ్ల ముందుకొచ్చాయి. కాసేపు పేపరు అలా పట్టుకునే కూర్చుంది. తర్వాత పేజీ తిప్పేసింది.

"మూడడుగులు!" అని సురేశ్‌బాబు అరిచాడు.

"బాలయ్యన్నా" అంది మధులత. గాలికి ఆమె మాట ఆమెకే సరిగా వినపడలేదు. గట్టిగా చెప్పింది. "ఈ కేబుళ్లు ఇట్లా కట్టింది నేనే. ఆ మిషను రిపోర్టు మీద సంతకం నాదే."

బాలయ్య కేబులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వాన అతని మొహం మీంచి కారుతోంది.  ఇక్కడే వదిలేసి వెళ్లిపోతాడనుకుంది ఆమె. తిడతాడనుకుంది.

"ముందు గేటు లేపు" అన్నాడు చివరికి. 'అమ్మా' అనే మాట లేదు. "మిగతాది తర్వాత."

ఆ తర్వాత ఇద్దరూ పని మాటలే మాట్లాడుకున్నారు. పట్టు, వదులు, లాగు, అంతే. జాయింటు పెట్టె దగ్గర ఆమె గొడుగు కింద కూర్చుని తడి తుడిచింది. రాగి అల్లికను రెండు వైపులా కలిపి గట్టిగా బిగించింది. పైన టేపు చుట్టింది. ప్యానెలు చివర షీల్డును ఎర్తుకు కలిపింది. అదంతా అయ్యేసరికి ఇంకో రెండు గంటలు పట్టింది.

కరెంటు ఇచ్చి, అంకెను సున్నాకు తెచ్చి, బ్రేకు వేసే ఉంచి, మళ్లీ మోటారును మూలిగించింది. ముగ్గురి కళ్లూ అంకె మీదే. సున్నా. మూడు సెకన్లు, అయిదు సెకన్లు. సున్నాయే.

సురేశ్‌బాబు గుమ్మం దాటి నీటిమట్టం చూసొచ్చాడు. "లేపేద్దాం మేడం. రెండడుగులే ఉండాది."

"ఒడ్డుపాళెం?"

ఏఈ ఫోను చేశాడు. వాగు పక్క గుడిసెల వాళ్లంతా బళ్లోకి చేరారు. పశువులను మెరక మీదికి తోలుతున్నారు. ఇరవై చొప్పున లేపి, మధ్యలో పావుగంట ఆగమని పై అధికారి చెప్పాడు.

"బాలయ్యన్న గీతల కాడ నిలబడాల" అంది మధులత. "నా అంకెను ఆయన గీత ఒప్పుకుంటేనే తర్వాతి అడుగు."

"అంకె సరిపోయింది కదా మేడం, ఇంకెందుకు గీతలు?"

"పోయిన ఏడు కూడా సరిపోయిందనే అనుకున్నారు సార్."

బాలయ్య వంతెన చివరికి వెళ్లి కమ్మీ పట్టుకుని కిందికి వంగాడు. ఏఈ గది గుమ్మంలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందిస్తున్నాడు. ఆమె బటను నొక్కింది. డ్రమ్ము కిర్రుమంది. అయిదు, పది, పదిహేను. ఒక్కటి కూడా ఎగరలేదు. ఇరవై దగ్గర ఆపింది.

"ఒక గీతకు రెండు వేళ్లు తక్కువ!" అని కేక వచ్చింది. జానెడంటే ఇరవై రెండు, ఇరవై మూడు సెంటీమీటర్లు. సరిపోయింది. గేటు కింది నుంచి నీళ్లు తెల్లగా చిమ్ముతున్నాయి.

పావుగంట ఆగి రెండోసారి నొక్కింది. ఇరవై అయిదు, ముప్పై. మోటారు మీద బరువు పెరిగింది. ముప్పై నాలుగు, ముప్పై అయిదు, ముప్పై అయిదు...

"ఆపు! ఆపు!" అని బాలయ్య గొంతు చీరుకుపోయేలా అరుస్తున్నాడు. "రెండు గీతలూ దాటినాది!"

ఆమె చెయ్యి అప్పటికే ఎర్ర బటను మీద ఉంది. అంకె ముప్పై ఆరు చూపిస్తోంది. గీతల లెక్కన నలభై అయిదు దాటింది.  కేబులు బాగుచేశాక కూడా అదే అబద్ధం. ఎర్ర బటను కనుక నొక్కకుండా ఉండి ఉంటే నిరుడు జరిగిందే మళ్లీ జరిగేది.

"ఏంది మేడం ఇది? అయిపోయిందన్నారు కదా!" అని సురేశ్‌బాబు అరిచాడు.

 ఆమె కళ్లు మూసుకుని ఇందాకటి అంకెలను తలుచుకుంది. ఎగరలేదు, దూకలేదు, మెల్లగా వెనకబడ్డాయి. బరువు పెరిగినప్పుడే వెనకబడ్డాయి. ఇది కరెంటు పని కాదు. ఇనుము పని. ఇరుసు తిరుగుతోంది, ఎన్‌కోడరు దానితో పాటు పూర్తిగా తిరగడం లేదు.

వంతెన మీదికి పరుగెత్తింది. ఇరుసునూ ఎన్‌కోడరునూ కలిపే వేలెడంత కప్లింగు మీద ఒక సన్నటి స్క్రూ ఉంది. వేలితో తాకితేనే తిరిగింది. పోయిన నెల ఎన్‌కోడరు మార్చినవాళ్లు దాన్ని బిగించడం మరిచారు. స్క్రూ బిగించే అలెన్ కీలు నాలుగు సైజులవి ప్రయత్నించింది. అయిదోది పట్టింది. ఒళ్లంతా బలం పెట్టి బిగించింది. ఇరుసు మీదా కప్లింగు మీదా కలిసేలా పెయింటు పెన్నుతో ఒకే గీత గీసింది. ఇకపై జారితే ఆ గీత విరిగి కనిపిస్తుంది.

"బాలయ్యన్నా, సరిగ్గా ఎంతుండాది గేటు?"

అతను ఇంకా వంగి, కంటితోనే కొలిచాడు. "రెండు గీతలు, పైన రెండు వేళ్లు."

తిరిగొచ్చి డ్రైవులో నలభై ఎనిమిది అని ఆమె చేత్తోనే కొట్టింది. బాలయ్య కళ్లు చెప్పిన అంకెను మిషనుకు ఇచ్చింది.

మూడోసారి అరవై ఎనిమిది దాకా లేపారు. మూడు గీతలు, సరి. నాలుగోసారి ఎనభై ఎనిమిది. నాలుగు గీతలకు ఒక వేలు తక్కువ, సరి. నాలుగున్నరకు నీటిమట్టం పెరగడం ఆగింది. అయిదున్నరకు ఒక వేలు తగ్గింది. కింద ఒడ్డుపాళెం చప్టా మీద మోకాటి లోతు నీళ్లు పారుతున్నాయని, ఇళ్లలోకి రాలేదని ఫోను వచ్చింది. 

మధులత రిజిస్టరు అడిగింది. టేబులు మీద వంగి రాసింది. ఎన్‌కోడరు కేబులు మోటారు కేబులుతో కలిపి కట్టినది తానేనని, షీల్డు కలపనిది తానేనని, నిరుడు గేటు ఎక్కువ లేవడానికి కారణం అదేనని, ఆపరేటరు బాలయ్య తప్పు లేదని. పేరు, సంతకం, ఫోను నంబరు.

సురేశ్‌బాబు చదివి తలెత్తాడు. "మేడం, ఇది మీ మెడకే చుట్టుకుంటాది. ఇంక డిపార్టుమెంటు పని ఒక్కటి కూడా మీకు రాదు."

"తెలుసు సార్. స్క్రూ సంగతి కూడా రాయాల. అది మీ కాలంలోది. మీరే రాస్తే బాగుంటాది."

 అతను పెన్ను తీసుకుని ఆమె సంతకం కింద రాశాడు.

ఆ రాత ఊరికే పోలేదు. కంపెనీ ఆమెకు లాయరు నోటీసు పంపింది. ఏడాదిన్నర పాటు ప్రభుత్వం పని ఒక్కటీ రాలేదు. బాలయ్య మెమో రద్దు కావడానికి నాలుగు నెలలు పట్టింది. కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం ఆమెకు ఇంకో పని మిగిలి ఉంది.

"ఒడ్డుపాళెం పోదాం రా అన్నా. మీ వాళ్లకు నేనే చెప్తాను."

"నేను గేటు వదిలి రాను" అన్నాడు బాలయ్య. "పోతే నువ్వే పో."

ఆమె ఒక్కతే వెళ్లింది. బడి వరండా నిండా జనం, తడి బట్టల వాసన, మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఎవరు కావాలని అడిగారు. అలివేలమ్మ కోసం వచ్చానంది. ఒక మూల ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి లేచి నిలబడింది.

మధులత అందరికీ వినపడేలా చెప్పింది. తను ఎవరో, ఏం చేసిందో, ఎందుకు చేసిందో. పేపరులో చూసి కూడా పేజీ తిప్పేసిన సంగతి చెప్పకుండా వదిలేయొచ్చు. అదీ చెప్పింది.

అలివేలమ్మ దగ్గరికొచ్చింది. "అంటే నీకు ఏడాది కిందే తెలుసు."

"అనుమానం వచ్చింది. చూసుకోడానికి భయపడినాను."

"మేము ఏడాది ఎట్లా బతికినామో తెలుసునా నీకు?" అంది అలివేలమ్మ. గొంతు పెంచలేదు. "నా మొగుడు అన్నం ముందర కూచోని లేచి పోయినాడు ఎన్ని తూర్లో. నువ్వు వచ్చి చెప్పినావు, మంచిది. నేను మాత్రం నిన్ను మంచిదానివి అనను."

మధులత తల దించుకుంది. 

గోడకానుకుని కూర్చున్న ముప్పై అయిదేళ్ల మనిషి ఒకడు కర్ర ఊతంతో లేచాడు. పెంచలయ్య. "అయితే మా మామ ముప్పయికే బటను నొక్కినాడా?"

"ముప్పయికే. గదిలోంచి ఆయనకు గేటు కనపడదు. మిషను ముప్పై అనే చూపించినాది."

"తాగలేదా?"

"తాగడు" అంది అలివేలమ్మ, అతని వైపు చూడకుండా. "నేను అప్పుడే చెప్పినాను నీకు."

  పొయ్యి దగ్గరి ముసలమ్మ అన్నం దించింది. అలివేలమ్మ క్యారియరులో మొగుడికి అన్నం పెట్టి, చారు పోసి, మూత బిగిస్తుంటే పెంచలయ్య కుంటుకుంటూ వచ్చి చెయ్యి చాపాడు.

"ఇట్లియ్యి అత్తా. నేను తీసకపోతా."

ఆమె క్యారియరు వెంటనే ఇవ్వలేదు. అతని మొహం చూసింది. తర్వాత ఇచ్చింది.

"అంత దూరం ఆ కాలితో ఎట్లా పోతావురా?"

పెంచలయ్య మధులత వైపు తిరిగాడు. "బండి ఉండాది కదా నీకు. ఎక్కించుకుంటావా?"

పెంచలయ్య క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చోగా ఇద్దరూ కట్ట మీదికి వచ్చారు. వాన సన్నబడింది. వంతెన చివర బాలయ్య కమ్మీ మీద వంగి గీతలు చూస్తున్నాడు. బండి చప్పుడు విన్నా తల తిప్పలేదు.

"మామా" అని పెంచలయ్య పిలిచాడు. "అన్నం తెచ్చినాను. రా, చల్లారిపోతాది."